పన్నెండు పది నుంచి పన్నెండు నలభై దాకా

డాక్టరు ఆ వాక్యం రాస్తున్నంతసేపూ కొలతలమ్మ ఆయన పెన్ను వంకే చూసింది. అక్షరాలు తలకిందులుగా ఉన్నా చదవడం ఆమెకు కష్టం కాదు. బట్టలు సరిచేసే దుకాణంలో పదహారేళ్ళుగా బల్లకు ఇవతల కూర్చుని, అవతల యజమాని రాసుకునే కొలతలను తలకిందులుగానే చదువుతోంది. అంగుళం తేడా వస్తే ఊరుకోదు కనక అక్కడ ఆమెకు ఆ పేరు పడింది.

‘ఇంట్లో పథ్యం సరిగా పాటించడం లేదు’ అని రాసి, డాక్టరు దాని కింద గీత కూడా గీశాడు.

ఆ గీత చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంట్లో అంటే ఎవరండీ? నేనేగా? మా ఇంట్లో ఇంకెవరున్నారు?"

"అమ్మా, పోయిన నెల నూట తొంభై. ఈ నెల రెండొందల పద్దెనిమిది. అదీ పరగడుపున. నన్నేం రాయమంటారు?"

"ఉప్పు వేలితో కాదండీ, చెంచాతో కొలిచి వేస్తున్నాను. నూనె మూతతో పోస్తున్నాను. మూడు నెలలైంది మా ఇంట్లోకి చక్కెర వచ్చి. ఈయనకి లేదని నేనూ చప్పటి టీ తాగి ఛస్తున్నాను."

"అందరూ అలాగే చెప్తారు," అన్నాడు డాక్టరు, చాలా మర్యాదగా. ఆ మర్యాదే ఆమెకు ఇంకా ఎక్కువ మండించింది.

ఆయన బస్సు కంపెనీ డాక్టరు. నెలకోసారి డ్రైవర్లందరినీ చూస్తాడు. చక్కెర రెండొందలు దాటిన వాళ్ళకు వారం గడువిచ్చి మళ్ళీ పరీక్ష చేస్తాడు. అప్పటికీ దిగకపోతే స్టీరింగు ముట్టుకోనివ్వరు. గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చే బండ్ల నంబర్లు రాసుకోమంటారు. మరో నెల గడువు ఇచ్చే అధికారం డాక్టరుకు ఉంది కానీ, కార్డు మీద పథ్యం పాటించలేదని ఉంటే ఇవ్వడానికి లేదట.

"వచ్చే బుధవారం రండి," అన్నాడు డాక్టరు. "ఈ వారమైనా ఆయన్ని కాస్త జాగ్రత్తగా చూసుకోండమ్మా."

ఈ మాటలన్నీ జరుగుతుండగా, ఇరవై రెండేళ్ళుగా బస్సు నడుపుతున్న ఆమె మొగుడు పక్క కుర్చీలో కూర్చుని తన చేతిగోళ్ళు చూసుకుంటున్నాడు. ఒక్క ముక్క, కనీసం ‘మా ఆవిడ బాగానే వండుతుంది సార్’ అన్న ఒక్క ముక్క ఆయన నోటినుంచి రాలేదు.

ఇంటికి వచ్చాక ఆమె వంటింటి గోడ ముందు నిలబడింది. అక్కడ రెండు కాగితాలు అంటించి ఉన్నాయి. ఒకటి డాక్టరు దగ్గర ఆహార సలహాలు చెప్పే అమ్మాయి ఇచ్చిన పసుపు కాగితం. వేళకు తినండి. పళ్ళెంలో సగం కూరగాయలు ఉంచండి. తీపి, వేపుడు తగ్గించండి. నిదానంగా నమలండి. నీళ్ళు బాగా తాగండి. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే ఐదు మాటలు. రెండోది మొగుడి డ్యూటీ చార్టు. ఉదయం ఆరుకు మొదటి ట్రిప్పు, సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆఖరు ట్రిప్పు ముగింపు. మధ్యలో ‘12.10 నుంచి 12.40 వరకు భోజనం’ అని స్పష్టంగా అచ్చయి ఉంది. ఆ అరగంటను నమ్ముకునే ఆమె మాత్ర వేళలు, రాత్రి ఏడున్నర భోజనం, అన్నీ లెక్కకట్టింది. భోజనం డబ్బా ఖాళీగా రావాలని ఆమె ఆజ్ఞ. ఖాళీగానే వస్తోంది. నీళ్ళ సీసా కూడా ఖాళీగానే వస్తోంది. మరి ఆ చక్కెర ఎక్కణ్ణుంచి వస్తోంది?

బయట తింటున్నాడు. వేరే దారి లేదు. చివరి స్టాపు దగ్గర ఏదో మిఠాయి కొట్టు ఉండే ఉంటుంది.

మర్నాడు ఆమె దుకాణానికి సెలవు పెట్టింది. యజమాని పదహారేళ్ళలో మొదటిసారి ఆమెకు జ్వరమనుకుని ఫోనులో తెగ కంగారు పడ్డాడు. పదకొండున్నరకు మార్కెట్టు స్టాపులో, తలమీదుగా ముసుగు లాక్కుని, మొగుడి బస్సు వెనక తలుపులోంచి ఎక్కింది. టిక్కెట్టు కొడుతూ కండక్టరమ్మ ఆమెను గుర్తుపట్టి నోరు తెరవబోతే, పెదవి మీద వేలు పెట్టి గుడ్లురిమింది. కండక్టరమ్మకు నవ్వాగలేదు.

ఆ నడవలో నిలబడి మనుషుల మధ్యలోంచి చూస్తే మొగుడి వీపు, కుడి మోచెయ్యి మాత్రమే కనిపించాయి. ఆ చొక్కా తనే కుట్టింది. మెడ దగ్గర చెమటకు నల్లబడి ఉంది. బస్సు రెండు నిమిషాలు కదిలితే మూడు నిమిషాలు ఆగుతోంది. ఒకచోట రోడ్డు తవ్వేశారు. ఒకచోట ఎవరో సరుకుల లారీ అడ్డం పెట్టి మాయమయ్యాడు. మొగుడు హారను కొట్టలేదు, తిట్టలేదు. గేరు మారుస్తూ, తలుపు తెరుస్తూ, మూస్తూ, అద్దంలో చూస్తూ ఉన్నాడు. పన్నెండు పది అయ్యేసరికి బస్సు ఇంకా వంతెన ఎక్కలేదు.

వంతెన ముందు సిగ్నలు దగ్గర అతని ఎడమ చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. ఒక బిస్కెట్టు. క్రీము బిస్కెట్టు! మళ్ళీ ఇంకొకటి.

"దొరికాడు దొంగ," అనుకుని ఆమె జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిచింది. రెండు సీట్ల దూరంలోకి వచ్చేసరికి ఆగిపోయింది. అతని చెయ్యి వణుకుతోంది. బిస్కెట్టు నోటిదాకా తీసుకెళ్ళడానికే అవస్థ పడుతున్నాడు. నుదుటి మీద చెమట ఎండకు పట్టింది కాదు. మాత్ర వేసుకుని వేళకు తినకపోతే ఇలాగే అవుతుందని ఆ సలహాలమ్మాయి చెప్పింది. పక్కన ఇంజను మూత మీద ఆమె కట్టిచ్చిన డబ్బా, కట్టిన గుడ్డ ముడి కూడా విప్పకుండా కూర్చుని ఉంది.

చివరి స్టాపుకు చేరేసరికి పన్నెండు ముప్పై ఆరు. దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు తోసుకొచ్చారు. అతను కిందికి దూకి మరుగుదొడ్డి వైపు పరుగెత్తాడు. అక్కడ ముందే ముగ్గురు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. వాళ్ళను చూసి, గడియారం చూసుకుని, వెనక్కి తిరిగి వచ్చేశాడు. వస్తూనే నీళ్ళ సీసా తీసి ముందు అద్దం మీద సగం పోసి తుడిచాడు. మూడు నెలలుగా తను కొలిచి పంపిస్తున్న నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో అప్పుడు తెలిసింది ఆమెకు.

విజిలు మోగింది. చిన్న గది కిటికీలోంచి, బండ్లను వేళకు పంపే కంట్రోలరు చెయ్యి ఊపుతున్నాడు. సరిగ్గా పన్నెండు నలభై.

"ఆ డబ్బా ఎప్పుడు తింటారు?" అంది ఆమె.

అతను ఉలిక్కిపడి తిరిగి చూశాడు. "నువ్వా? ఇక్కడేం చేస్తున్నావే?"

"నేను అడిగిందానికి చెప్పండి."

రెండో విజిలు మోగింది. అతను గేరు వేశాడు.

ఆమె దిగలేదు. సాయంత్రం దాకా అదే బస్సులో అటూ ఇటూ తిరుగుతూ, బస్సు ఏ స్టాపుకు ఎన్నింటికి చేరిందో టిక్కెట్ల వెనక రాసుకుంది. నాలుగూ ఇరవై ఐదుకు డిపోలో, బస్సులు కడిగే చోట, గోడకు ఆనుకుని నిలబడి అతను డబ్బా విప్పాడు. రొట్టెలు మడిచి, కూర అందులో దూర్చి, నాలుగు ముద్దల్లో పూర్తి చేశాడు. ఉడికించిన గుడ్డు రెండు కొరుకుల్లో పోయింది. కీరా ముక్కలు నడుస్తూ తిన్నాడు. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. ఖాళీ డబ్బా కడిగి, తుడిచి, గుడ్డ మళ్ళీ చక్కగా కట్టాడు, ఇంట్లో తనిఖీ ఉంటుంది కదా.

ఆ రోజు ఏడున్నరకు ఆమె పళ్ళెం పెట్టలేదు.

"ఏం, ఇవాళ భోజనం లేదా?" అన్నాడు అతను.

"నాలుగున్నరకేగా తిన్నారు. ఆకలేస్తోందా?"

"లేదు."

"రోజూ ఏడున్నరకి ఆకలేసేదా?"

"లేదు. నువ్వు వేళంటే వేళంటావు. పళ్ళెంలో వదిలితే గొడవ చేస్తావు. డబ్బా ఖాళీ కాకపోతే ఇల్లు పీకి పందిరేస్తావు. నేనేం చెయ్యను? తినేవాణ్ణి."

ఆమె లెక్క వేసుకుంది. పొద్దున్న ఐదుకు ఏదో కొరికి, పగలంతా పస్తు, మధ్యలో బిస్కెట్లు, సాయంత్రం మూడు గంటల్లో రెండు భోజనాలు, వెంటనే నిద్ర. ఆరోగ్యంగా ఉన్నవాడికి కూడా రోగం వస్తుంది. ఇదంతా తన ఇంట్లో, తన చేత్తో, ఆ పసుపు కాగితం చూసుకుంటూ తనే చేయించింది. తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోత ఎంతోసేపు నిలవకుండా కోపమైంది. ఆమెకు ఏదైనా చివరికి కోపంగానే మారుతుంది.

"మూడు నెలల్నుంచి! ఒక్కసారి నోరు విప్పి చెప్తే మీ సొమ్మేం పోయింది?"

"చెప్తే నువ్వు డిపోకి వెళ్ళి రభస చేస్తావు."

"చేస్తాను! చెయ్యకేం!"

"తర్వాత వాళ్ళేమంటారో తెలుసా? ఈ ముసలాడికి తిండికి టైము కావాలట, పక్కన కూర్చోబెట్టండి అంటారు. అందరికీ అదే రూటు. అందరూ తినకుండానే నడుపుతున్నారు. నేనొక్కణ్ణే అడిగితే ఏం బావుంటుంది?"

"నిన్న ఆ డాక్టరు నా మొహం మీద అంత మాట రాస్తే, గీత కూడా గీస్తే, మీరు గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. అది బావుందా?"

అతను తొమ్మిదికి చిన్న గిన్నెడు పెరుగు, నాలుగు ముక్కల కూర తిని పడుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె వంటింటి గోడ మీది చార్టు ఊడబీకి, మడిచి సంచీలో పెట్టుకుని చివరి స్టాపుకు వెళ్ళింది. మొగుడికి చెప్పలేదు. చెప్తే వద్దంటాడు.

కంట్రోలరు గదిలో ఒక బల్ల, ఒక ఫ్యాను, గోడకు గడియారం. ఆయన ఏ మాత్రం చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇచ్చి, చార్టు కూడా శ్రద్ధగా చదివాడు.

"ఉందిగా అమ్మా అరగంట. తింటే ఎవరొద్దన్నారు?"

"బండి వచ్చేదే ముప్పై ఆరుకి కదండీ."

"అది దారిలో లేటు. లేటు అరగంటలోంచి పోతుంది."

"భోజనం అరగంటలోంచా?"

"ఇంకెందులోంచి పోతుంది మరి? ప్రయాణికుల టైము తియ్యడానికి లేదుగా. పన్నెండు నలభైకి బండి కదలాలి. కదలకపోతే నేను మెమో రాయాలి."

"మరి ఈ అరగంట కాగితం మీద ఎందుకు వేశారు?"

కంట్రోలరు చార్టు తిప్పి వెనక కూడా చూశాడు. "ఎప్పటినుంచో ఉంది," అన్నాడు చివరికి. "నేను చేరేసరికే ఉంది."

"పోనీ ఒక్కరోజు లేటుగా వదిలితే ఏమవుతుంది?"

ఆయన సొరుగులోంచి మెమోల పుస్తకం తీసి చూపించాడు. ఆలస్యానికి కారణం అన్నచోట తొమ్మిది గళ్ళు ఉన్నాయి. ట్రాఫిక్కు, టైరు, ఇంజను, వాన, ప్రమాదం, ఊరేగింపు, ప్రయాణికుల గొడవ, పోలీసు, ఇతరములు. "వీటిలో ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. పైవాళ్ళు చూస్తారు. డ్రైవరు తప్పైతే మొదటి రెండు మెమోలకి ఆఫీసుకి పిలుస్తారు, మూడోదానికి బండి తీసేస్తారు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "నేనూ మూడింటికే తింటానమ్మా. చూడండి, నా డబ్బా కూడా అలాగే ఉంది."

ఆయన మీద కోప్పడడానికి వచ్చిన మనిషికి కోప్పడే అవకాశం కూడా దక్కలేదు. ఎవరి మీద పడాలో తెలియని కోపంతో ఆమె ఇంటికి వచ్చి, ఆ సాయంత్రమంతా గిన్నెలు అవసరానికి మించి గట్టిగా తోమింది. డిపో నుంచి వచ్చిన మొగుడికి కంట్రోలరు చెప్పినదంతా, తొమ్మిది గళ్ళతో సహా వినిపించింది. అతను విన్నాడు. "ఊఁ," అన్నాడు. ఆ ఊఁకు ఆమెకు తల కొట్టుకోవాలనిపించింది.

శనివారం దుకాణం సగంపూటే. ఆమె మళ్ళీ బస్సెక్కింది. ఈసారి ముసుగు లేదు, ముందు సీట్లోనే కూర్చుంది. అతను తినకపోతే కనీసం సిగ్నలు దగ్గర నాలుగు ముక్కలు నోట్లో పెడదామని ఆమె ఆలోచన. బస్సు చివరి స్టాపుకు పన్నెండు ముప్పై ఎనిమిదికి చేరింది. జనం దిగారు, జనం ఎక్కారు. విజిలు మోగింది.

అతను ఇంజను ఆపేశాడు.

తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంజను మూత మీది డబ్బా ఒళ్ళోకి తీసుకుని ముడి విప్పాడు. సీసాలో నీళ్ళతో చేతులు కడుక్కుని రొట్టె తుంచాడు.

ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది.

"ఏంటయ్యా, బండి తియ్యవా?"

"ఏమైంది? చెడిపోయిందా?"

"చెడిపోవడం ఏంటి, తింటున్నాడు చూడు! ఇంతమందిని కూర్చోబెట్టి!"

అతను ఎవరి వంకా చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. రొట్టె ముక్కతో కూర తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, మింగాడు, మళ్ళీ తుంచాడు. కిటికీలోంచి రెండో విజిలు, మూడో విజిలు వచ్చాయి. వెనకనుంచి ఎవరో బస్సు గోడ మీద అరచేత్తో బాదారు. నలభై మంది కళ్ళు ఆ డబ్బా మీదే ఉన్నాయి. ఆ చూపులు కొలతలమ్మ వీపులో గుచ్చుకుంటున్నాయి. ఇంకా సగం కూడా కాలేదు. ఆ కీరా ముక్కలు ఇన్ని ఎందుకు పెట్టాను బాబూ అనిపించింది.

"తొందరగా కానివ్వండి," అంది ఆమె.

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి ఆమె నివ్వెరపోయింది. మూడు నెలలుగా నిదానంగా, నిదానంగా అని ప్రాణం తీసింది తనే. ఈ మనిషి ఇలాంటి చూపుల మధ్య ఇరవై రెండేళ్ళుగా బండి నడుపుతున్నాడు. తను నాలుగు నిమిషాలు కూడా తట్టుకోలేకపోయింది.

అతను ఆమె వైపు ఒకసారి చూసి, మళ్ళీ తినడంలో పడ్డాడు.

"ఎవరండీ ఈయన పెళ్ళాం? ఇంట్లో ఇంత పెట్టి పంపదా ఏం?" అంది వెనక సీట్లో పెద్దావిడ, కూరగాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని.

ఆమె లేచి వెనక్కి తిరిగింది. "నేనేనమ్మా. పెట్టే పంపుతాను. ఆ డబ్బా పొద్దున్న ఆరింటి నుంచీ అక్కడే ఉంది. తినడానికి ఇచ్చిన అరగంట దారిలో లేటుకి పోయింది. రోజూ అలాగే పోతుంది. ఆయనకి చక్కెర జబ్బు. తినకుండా నడిపితే చేతులు వణుకుతాయి. వణికే చేతులతో మిమ్మల్ని ఆ వంతెన మీద తీసుకెళ్ళమంటారా, పావుగంట ఆగుతారా? మీరే చెప్పండి."

పెద్దావిడ సంచీ సర్దుకుంది. కొందరు విసుక్కుంటూ దిగి వెనక బస్సు వైపు వెళ్ళారు. మిగతావాళ్ళు గొణుగుతూ కూర్చున్నారు.

కంట్రోలరు పుస్తకం పట్టుకుని వచ్చేసరికి అతను మూత పెడుతున్నాడు. పన్నెండు యాభై ఎనిమిది.

"ఏం పని ఇది? నేను రాయక తప్పదు, తెలుసుగా," అన్నాడు కంట్రోలరు, చుట్టూ జనాన్ని చూస్తూ. తర్వాత వంగి మెల్లిగా అన్నాడు: "ట్రాఫిక్కని టిక్కు పెట్టేస్తాను. సంతకం పెట్టెయ్యి."

"వద్దండి. భోజనం అని రాయండి."

"అలాంటి గడి లేదు."

"ఇతరములు ఉందిగా. అందులో రాయండి."

"నీకే నష్టం. మొదటి మెమో అవుతుంది."

"అవనివ్వండి."

కంట్రోలరు పెన్ను మూత తీశాడు. ఆ పుస్తకంలో ఆ మాట అంతకుముందు ఎవరూ రాయించుకుని ఉండరు. ‘ఇతరములు: భోజనం, 18 నిమిషాలు’ అని రాసి, నకలు చింపి ఇచ్చాడు. అతను సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకుని, తాళం తిప్పాడు.

దారి పొడుగునా ఆమె అతనితో మాట్లాడలేదు. ఏం మాట్లాడినా ఏడుపొచ్చేలా ఉంది. బస్సులో ఏడవడం ఆమెకు అసహ్యం.

బుధవారం డాక్టరు వేలికి సూది గుచ్చి, మిషను చూసి, పెదవి విరిచాడు. "రెండొందల నాలుగు. తగ్గింది. కానీ రెండొందలు దాటింది."

ఆయన కార్డు తీశాడు. పాత వాక్యం, దాని కింద గీత అలాగే ఉన్నాయి. పెన్ను తీసి దాని కిందే మళ్ళీ రాయబోయాడు. కొలతలమ్మ నోరు తెరిచింది. ఏం చెప్పాలో వారం రోజులుగా బట్టీ పట్టి వచ్చింది.

"సార్, ఆగండి," అన్నాడు అతను.

జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు మోకాళ్ళ మీద, తర్వాత బల్ల మీద పెట్టాడు.

"మా ఆవిడ పెట్టే తిండిలో లోపం లేదండి. డ్యూటీలో తినడానికి నాకు టైము దొరకడం లేదు. దొరకడం లేదని ఈమెకీ చెప్పలేదు, మీకూ చెప్పలేదు. సాయంత్రం అంతా ఒకేసారి తినేవాణ్ణి. తప్పు నాది, ఆ చార్టుది. ఇంటిది కాదు. మీరు ఆ ముక్క కొట్టెయ్యాలి."

డాక్టరు మెమో చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇది మీ మీద రాసిన మెమో కదా? ఇది నా ఫైల్లో పెడితే మీ పైవాళ్ళు చూస్తారు."

"చూడనివ్వండి."

"గొడవవుతుందేమో."

"అవుతుందండి."

డాక్టరు కార్డు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత స్కేలు పెట్టి ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన రాయడం మొదలుపెట్టాడు. కొలతలమ్మ తలకిందులుగా చదువుకుంది: ‘డ్యూటీలో భోజనానికి విరామం అందడం లేదు. ఒక నెల గడువు.’

బయట వరండాలో ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. పరగడుపున వచ్చిన మనిషి కదా అని డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది.

"రేపు మెమో సంగతి మాట్లాడడానికి ఆఫీసుకి రమ్మన్నారు," అన్నాడు అతను, ముడి విప్పుతూ.

"ఎన్నింటికి? నేనూ వస్తాను. ఆ చార్టు ఉంది, నేను రాసి పెట్టుకున్న టైములున్నాయి, ఆ ఆఫీసు పెద్దాయన మొహం మీదే..."

"నువ్వు రాకు. చార్టు నాకియ్యి. నేనే మాట్లాడతాను."

ఆమె సంచీలోంచి చార్టు తీసి అతని పక్కన పెట్టింది. అతను ఆకలి మీద పెద్ద పెద్ద ముద్దలు తింటున్నాడు. నిదానంగా నమలండి అనబోయి, ఆమె మొహం అటు తిప్పుకుంది.